కాలువలకు ఉన్న వేసవి సెలవు మన సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు లేదు?

లంకవాసి | ఏప్రిల్ 27, ఉదయం 7:10

తిట్టేవాళ్లు తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

గోదావరి డెల్టాలో పది లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు కాలువల మీద ఆధారపడి ఉంది. చాలా ఊళ్లకు తాగే నీళ్లు కూడా ఆ కాలువల్లోనివే. అంత అవసరమైనవాటిని మనం ఏటా వేసవిలో కట్టేస్తాం. దాళ్వా (రబీ వరి) కోతలు ముగియగానే నీళ్లు ఆపి, పూడిక తీసి, గుర్రపుడెక్క లాగి, లాకుల తలుపులు బాగుచేసుకుని, సార్వాకు (ఖరీఫ్ వరికి) జూన్‌లో మళ్లీ వదులుతాం. ఎవరూ గుండెలు బాదుకోరు. ఆగుతుందని ముందే తెలుసు కాబట్టి మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు, నారుమడి ఎప్పుడు పోయాలో లెక్క వేసుకుంటారు.

ఇప్పుడు నా పని సంగతి. ఉద్యోగం హైదరాబాద్‌లో, కూర్చునేది అమలాపురం దగ్గర మా ఊళ్లో. 2020లో లాక్‌డౌన్‌కు వచ్చినవాడిని మళ్లీ వెళ్లలేదు. బీమా పాలసీల లెక్కలు చూసే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌కు మా బృందం కాపలా. అది పుట్టిన దగ్గర నుంచి ఆగింది లేదు. లోపల ఏముందో పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఫలానా లెక్క అలా ఎందుకు వేశారని అడిగితే, "దాన్ని ముట్టుకోవద్దు, నడుస్తోంది కదా" అంటారు. కొత్త కోరిక వస్తుంది, పాతదాని మీద ఇంకో పొర వేస్తాం, చేతులు దులుపుకుంటాం.

ఈ "నడుస్తోంది కదా" ఎంత ఖరీదైన మాటో తెలియాలంటే అమెరికాలో నైట్ కాపిటల్ కథ చదవండి. షేర్ల కొనుగోలు, అమ్మకాలు చేసే సంస్థ. 2012 ఆగస్టు 1న కొత్త కోడ్ పెట్టారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే అది వెళ్లింది. ఎనిమిదోదానిలో ఎన్నో ఏళ్ల కిందట వాడకం మానేసిన పాత కోడ్ అలాగే పడి ఉంది. కొత్త పని కోసం వాడిన గుర్తు, పాతకాలంలో ఆ కోడ్‌ను నడిపించిన గుర్తూ ఒక్కటే. నిద్రపోతున్నది లేచింది. ముప్పావుగంటలో సుమారు 44 కోట్ల డాలర్లు పోయాయి. వాడనిదాన్ని వాడనప్పుడే తీసేసి ఉంటే ఈ గొడవ లేదు. తీసేయడానికి ఎవరికీ తీరిక లేదు.

నేను అనేది ఇంతే. ప్రతి సంస్థా ఏడాదిలో ఒక నెల కొత్త పని ముట్టుకోకుండా పాతదాన్ని శుభ్రం చేసుకోవాలి. ఆ నెల ఏదో అందరికీ ముందే తెలియాలి.

అట్లాంటా_అమలాపురం | ఏప్రిల్ 27, ఉదయం 8:02

తమ్ముడూ, కొబ్బరిచెట్ల కింద కూర్చుని కవిత్వం మొదలుపెట్టావు.

నువ్వు చెప్పేది ఇక్కడ అమెరికాలో ఎప్పటి నుంచో ఉంది. దుకాణాల గొలుసులకు, బ్యాంకులకు పనిచేసే ఏ బృందమైనా నవంబరు చివరి వారం నుంచి కొత్త సంవత్సరం దాకా కోడ్ ముట్టుకోదు. పండగ అమ్మకాల వేళ ఏదీ విరగకూడదని. మా దగ్గరా అంతే. కాబట్టి నువ్వేమీ కొత్తగా కనిపెట్టలేదు. ఒక నెల మొత్తం మరమ్మతులకు ఇవ్వమంటే జీతం ఇచ్చేవాడు ఏమంటాడో నీకూ తెలుసు.

లంకవాసి | ఏప్రిల్ 27, ఉదయం 8:40

అన్నా, మీరు చెప్పేదానికీ నేను చెప్పేదానికీ పొంతన లేదు. మీ దగ్గర ఆ ఆరు వారాలూ కాలువ నిండుగా పారుతూనే ఉంటుంది, గట్టు మీద మాత్రం ఎవరూ నడవకూడదు. శుభ్రం చేయడమూ నిషేధమే. జనవరి రెండో తేదీన ఆగిపోయిన కొత్త పనులన్నీ ఒక్కసారి మీద పడతాయి. అది సెలవు కాదు, ఊపిరి బిగబట్టడం.

వశిష్ఠ_ఒడ్డు | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 1:15

నేను టెస్టర్‌ని, హైదరాబాద్‌లో ఉంటాను, సొంత ఊరు నరసాపురం. లంకవాసి గారు ప్రోగ్రామర్ కాబట్టి ప్రోగ్రామర్ బాధే చెప్పారు. ఆగితే ఎవరికి నష్టమో ఆ మాట కూడా చెప్పుకుందాం.

ఆగడం ఒకప్పుడు మామూలే. రైల్వే టికెట్ల వెబ్‌సైట్ ఇప్పటికీ రాత్రి 11:45కు మూసి 12:20కి తెరుస్తారు, దేశం ఏమీ మునిగిపోలేదు. బ్యాంకు డబ్బు పంపకాలు సాయంత్రానికి ఆగిపోయేవి, ఆదివారం అసలు ఉండేవి కావు. 2019 డిసెంబరు 16 నుంచి నెఫ్ట్, 2020 డిసెంబరు 14 నుంచి ఆర్టీజీఎస్ రాత్రీ పగలూ నడుస్తున్నాయి. దీనివల్ల లాభం ఎవరికి? డబ్బున్నవాడికి సోమవారం దాకా ఆగడం పెద్ద లెక్క కాదు. నరసాపురంలో మా వీధిలో లేసు అల్లే ఆడవాళ్లకు వారం కూలి ఇప్పుడు ఫోనులో పడుతోంది. ఏజెంటు "రేపు ఇస్తాను, చిల్లర లేదు" అనే రోజులు పోయాయి. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (రేవు దాటించే పడవ) దిగి వచ్చే కూలీ జేబులో నోటు లేకుండా టీ తాగుతున్నాడు. ఇలాంటిది ఒక్క పూట ఆగినా పస్తు ఉండేది ఆ చివరి మనిషే.

కాలువలు కట్టేసినప్పుడు కూడా అంతే కదండీ. కాలువ మొదట్లో ఉన్న ఊళ్లకు ఏమీ కాదు. శివారు ఊళ్లలోనే మే నెల వచ్చేసరికి చెరువు అడుగంటి, ట్యాంకర్ కోసం బిందెలు వరుస కడతాయి. మీ ఊరు శివారు కాదనుకుంటాను.

లాకుల_పెద్దాయన | ఏప్రిల్ 27, సాయంత్రం 6:30

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. సాఫ్ట్‌వేర్ నాకు తెలియదు. కాలువ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నాలుగు మాటలు.

కాలువలు కట్టేయడమంటే తూము దించి ఇంటికి పోవడం అనుకుంటున్నారు. కాదు. నీళ్లు తీసేస్తేనే కాలువ కనబడుతుంది. నిండుగా పారుతున్నప్పుడు పైకి అన్నీ బాగున్నట్టే ఉంటాయి. నీళ్లు తీశాక గట్టు వెంబడి నడిస్తే లాకు దిగువన కాంక్రీటు కింద మట్టి కొట్టుకుపోయి మనిషి దూరేంత గుంట ఉంటుంది. గట్టు జారకుండా పరిచిన రివిట్‌మెంటు రాళ్లు జారి ఉంటాయి. షట్టరు అడుగున రబ్బరు చిరిగి, మూసినా నీళ్లు కారిపోతున్న సంగతి అప్పుడు బయటపడుతుంది. ఏడాదంతా శివారు రైతు నీళ్లు రావడం లేదని మొత్తుకుంటే, పైనుంచి సరిగానే వదులుతున్నామని మేము కాగితం చూపించేవాళ్లం. వేసవిలో నడిస్తే ఇద్దరి మాటా నిజమేనని తెలిసేది. గట్టు కింద ఎవరో వేసిన గొట్టం దొరికేది.

మేము చేరిన కొత్తలో ఇంజనీరు గారు జీపు దిగి, కాలువ కాపలా చూసే లస్కరును పక్కన పెట్టుకుని నడిచేవారు. ఏ తూము ఎప్పుడు మొరాయించిందో లస్కరుకు నోటికి తెలుసు. ఆయన చెప్పింది పుస్తకంలోకి ఎక్కేది. ఆ లస్కర్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు, చాలాచోట్ల వాళ్ల స్థానంలో ఎవరూ రాలేదు. ఇప్పుడు కాలువ కట్టేస్తున్నారు, నడిచేవాడే తక్కువ. టెండర్లు మే నెలలో పిలుస్తారు, నీళ్లు వదిలే తేదీ మాత్రం మారదు. పదిహేను రోజుల్లో పొక్లెయిన్ పైపైన గీకి వెళ్లిపోతుంది.

కాబట్టి బాబూ, నెల సెలవు ఇస్తే పని అయిపోతుందనుకోవద్దు. ఆ నెలలో నడిచేదెవరో ముందు చూసుకోండి.

ఇంకో మాట. కుర్రవాళ్లు చాలామంది ఇప్పుడున్న బ్యారేజీయే కాటన్ దొర కట్టాడనుకుంటారు. ఆయన 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసింది ఆనకట్ట. అది బలహీనపడితే కొత్తగా కట్టిన బ్యారేజీ 1982కు పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలూ కలిపి 175 తలుపులు. పాతదానికి అతుకులు వేసి వేసి, ఇక లాభం లేదని కొత్తది కట్టారు. అది కట్టినన్నాళ్లూ పొలాలకు నీళ్లు ఆగలేదు. మీ సాఫ్ట్‌వేర్‌లో అలా చేయగలరా?

చెరువుగట్టు | ఏప్రిల్ 27, రాత్రి 9:05

పెద్దాయన గారూ, "ఎవరో వేసిన గొట్టం" అని ఊరుకున్నారు గానీ, అందరికీ అర్థమైంది. మాది భీమవరం పక్కన, రొయ్యల చెరువులు. ప్రతి నష్టానికీ మమ్మల్నే చూపిస్తారు. కాలువలోకి ఊళ్ల మురుగు వదిలేది మేము కాదు, ప్లాస్టిక్ పారేసేది మేము కాదు.

సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం నాకూ అనుభవం ఉంది. రాత్రి రెండు దాటాక చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. వనామీ రొయ్యకు 4 పీపీఎం కంటే తగ్గితే ఇబ్బంది మొదలు. అందుకే నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తెల్లవార్లూ తిరగాలి. కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు పంట పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఆ భయంతోనే నీళ్లలో ప్రోబ్ పెట్టి ఫోనుకు అంకె పంపే యంత్రం కొన్నాను. మొదటి నెల ఎంత హాయిగా ఉందో! పడుకుని ఫోను చూస్తే 5.6, మళ్లీ చూస్తే 5.4.

ఒకరోజు తెల్లవారుజామున కాపలా కుర్రాడు ఫోను చేశాడు. రొయ్యలు గట్టు వారకు వచ్చి పైకి తేలుతున్నాయట. ఫోనులో అంకె 5.5 చూపిస్తోంది! ముందు ఉన్న ఏరియేటర్లన్నీ వేయించి, చెరువులోకి దిగి ప్రోబ్ పైకి తీస్తే, దాని మూతి మీద పాకుడు వేలెడు మందం పేరుకుంది. యాప్ బాగానే ఉంది, సర్వర్ బాగానే ఉంది, బ్యాటరీ కూడా నిండుగానే ఉంది. తప్పు అంకెను క్షణం ఆలస్యం లేకుండా చక్కగా పంపుతోంది. అమ్మినవాళ్లను అడిగితే వారానికోసారి తుడవాలి కదండీ అన్నారు. కొనేటప్పుడు ఆ మాట చెప్పినవాడు లేడు.

అప్పటి నుంచి కుర్రాడికి చెప్పాను, ఫోను కంటే ముందు చెక్‌ట్రే (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) చూడమని. ట్రేలో మేత మిగిలిందంటే చెరువులో ఏదో తేడా ఉన్నట్టే.

లాకుల_పెద్దాయన | ఏప్రిల్ 27, రాత్రి 9:20

మిమ్మల్ని ఎత్తిచూపలేదండి. వరి రైతు వేసిన గొట్టాలు కూడా పీకించాను. వాళ్ల తిట్లు మీకంటే ఘాటుగా ఉండేవి.

పాలకొల్లు_మాస్టారు | ఏప్రిల్ 28, ఉదయం 5:50

లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. వాడుకునేవాళ్ల తరఫున నేను మాట్లాడతాను.

ఏటా మేము బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. అది లేకపోతే పింఛను ఆగుతుంది. 2014లో జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ ధ్రువపత్రం వచ్చాక ఆఫీసు చుట్టూ తిరగడం తప్పింది, కానీ వేలిముద్ర తిప్పలు పట్టుకున్నాయి. ముసలివాళ్ల వేళ్లు అరిగిపోతాయి. కొబ్బరి పీచు పని చేసినవాళ్ల వేళ్ల మీద గీతలే ఉండవు. రేషన్ యంత్రం దగ్గర ఒక్కో వేలూ మార్చి మార్చి పెట్టి, తడి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి, సిగ్గుతో తల దించుకునేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. ముఖం చూపిస్తే చాలనే పద్ధతి 2021లో వచ్చాక నా వరకు ఇంట్లో కుర్చీలో కూర్చునే పని అయిపోతోంది. ఇందుకు మీ ప్రోగ్రామర్లకు దండం పెడతాను.

నా ఫిర్యాదు వేరే. నేర్చుకున్నది నిలవనివ్వరు. కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో మనవరాలు నేర్పింది, కాగితం మీద వరుసగా రాసుకున్నాను. మూడో నెలకు ఆ గుర్తు అక్కడ లేదు, రంగు మారింది, మధ్యలో ఏదో అప్పు ఇస్తామని అడుగుతోంది. నా కాగితం చెల్లని నోటు అయిపోయింది. లంకవాసి గారు చెప్పిన ఆ ఒక నెల నాకు చాలదు. పదకొండు నెలలు ముట్టుకోకుండా ఉండి, ఒక నెల మార్చుకోండి.

లంకవాసి | ఏప్రిల్ 28, ఉదయం 9:30

మాస్టారూ, మీరు పెట్టిన వాత సరైన చోట పడింది. ఊళ్లో నాకు వచ్చే గిరాకీ అంతా మీలాంటివాళ్లదే. కంప్యూటర్ ఉద్యోగం అని తెలిసిన దగ్గర నుంచి సాయంత్రం అయ్యేసరికి అరుగు మీద ఫోనులతో నలుగురు ఉంటారు. "ఏమీ నొక్కలేదు బాబూ, దానంతట అదే మారిపోయింది" అంటారు. ఇంటి నుంచే ఉద్యోగం అంటే ఉద్యోగం పోయిందనే కొందరి అనుమానం. పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఆఫీసుకు వెళ్లడా?" అని ఒకరు గుచ్చి గుచ్చి అడిగారు. అది వేరే కథ.

మార్పులు ఇంత ఎక్కువ ఎందుకంటే, వాటికే మాకు మార్కులు. కొత్త గుర్తు పెట్టినవాడికి చప్పట్లు, పాతది విరగకుండా చూసినవాడి పేరు ఎవరికీ తెలియదు.

అన్ని యాప్‌లూ కలిపి మనకు పంపే గంటలు, ఎర్ర చుక్కలు చూడండి. వాటి పక్కన ధవళేశ్వరం హెచ్చరిక పెట్టి చూడండి. నీటిమట్టం 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఇన్ని ఏళ్లుగా అవే అంకెలు. రెండోది అనగానే లంకల్లో పశువులను గట్టెక్కిస్తారు, మూడోది అంటే పడవ ఎక్కడుందో చూసుకుంటారు. 2022 జులైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు మా అమ్మ టీవీ కూడా చూడలేదు, "మూడోది ఎగరేశారా?" అని ఒక్క మాట అడిగి బియ్యం అటక మీదకు ఎక్కించింది. దాన్ని ఎవరైనా "మెరుగుపరచి" అయిదు రంగులు పెట్టి, ఏటా పేర్లు మారిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

కాకినాడ_ఫైనలియర్ | ఏప్రిల్ 28, మధ్యాహ్నం 12:10

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. మీ పాత కోడ్ బాధలు వింటుంటే నాకు ఆశగానే ఉంది. మా కాలేజీలో అందరూ అంటున్నది కోడ్ రాయడం ఏఐ చూసుకుంటుంది, మీరు వేరే దారి చూసుకోండి అని. ఇంట్లో నాన్నగారు మాత్రం మామయ్యలాగా అమెరికా వెళ్లాలంటున్నారు. ఏది నేర్చుకుంటే పని దొరుకుతుందో సూటిగా చెప్పండి.

అట్లాంటా_అమలాపురం | ఏప్రిల్ 28, సాయంత్రం 5:45

బాబూ, మీ మామయ్య తరం వేరు. 1998, 99లో వైటూకే పుణ్యమా అని సంవత్సరాన్ని రెండు అంకెల్లో రాసిన పాత కోడ్ దిద్దడానికి మనవాళ్లు విమానాలు ఎక్కారు. నేనూ ఆ వరదలో వచ్చినవాడినే. ఇప్పుడు గమనిస్తే నవ్వొస్తుంది. తెలుగు మధ్యతరగతిని అమెరికాకు చేర్చింది కొత్త ఆవిష్కరణలేమీ కాదు, ఎవరో చేయకుండా వదిలేసిన మరమ్మతు. లంకవాసి తమ్ముడు సంతోషిస్తాడని తెలిసే చెబుతున్నాను.

ఆ రకం పని ఇంకోటి రాబోతోంది కూడా. పాత కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెట్టి 32 బిట్ల గడిలో దాస్తాయి. 2038 జనవరి 19న ఆ గడి నిండుతుంది. పెద్ద సర్వర్లను చాలావరకు మార్చేశారు. గోడల్లో, యంత్రాల్లో, మీటర్లలో కూర్చున్నవే మిగిలాయి.

ఏఐ సంగతి. 2022 నవంబరు నెలాఖరుకు చాట్‌జీపీటీ వచ్చింది, ఇప్పుడు మా బృందంలో అది వాడనివాడు లేడు. కొత్త కోడ్ గుట్టలుగా రాస్తుంది. గుట్టలు పెరిగితే వాటిని చదివి, ఇది ఉండాలి, ఇది పోవాలి అని చెప్పే మనిషి కావాలి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టారు. రెండేళ్లకు పైగా సాయం చేస్తున్నట్టు నటించి, ఒంటరిగా అలసిపోయి ఉన్న నిర్వాహకుడి నమ్మకం సంపాదించి పెట్టారు. ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లకు పాకాల్సింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తన కంప్యూటర్‌లో లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వాడు, దొరికింది. అర సెకనుకు అనుమానపడే గుణం ఉంటే నీకు పని దొరుకుతుంది. వీసా సంగతి నన్ను అడగవద్దు, అది నా చేతిలో ఉంటే నా గ్రీన్‌కార్డుకే ఇన్నేళ్లు పట్టేది కాదు.

వశిష్ఠ_ఒడ్డు | ఏప్రిల్ 28, రాత్రి 8:20

నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. అన్నీ ఒకేసారి ఆపడం మీద నా అభ్యంతరం అలాగే ఉంది. కానీ దాళ్వాలో నీళ్లు చాలనప్పుడు వంతులవారీ పెడతారు కదా? ఒక కాలువకు కొన్ని రోజులు, ఇంకోదానికి కొన్ని రోజులు. అందరికీ ఒకేసారి ఎండదు, అందరికీ ఒకేసారి పారదు. సాఫ్ట్‌వేర్‌కు నప్పేది అదే. పది సర్వర్లుంటే ఒకటి పక్కకు తీసి శుభ్రం చేసి తిరిగి పెట్టి, రెండోది తీయడం. అలాగే పది విభాగాలుంటే నెలకొక విభాగానికి మరమ్మతు వంతు. లేసు కూలికి ఆటంకం ఉండదు, మీ పూడికా పోతుంది.

బలవంతంగా పెడితే మనుషులు అలవాటు పడతారనడానికి ఒక ఉదాహరణ. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు ఒకప్పుడు రెండు మూడేళ్లకు ఒకసారి కొనేవాళ్లం, గడువు మర్చిపోయి సైటు పడుకునేది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు 2015 నుంచి ఉచితంగా ఇస్తూ గడువు 90 రోజులే పెట్టారు. అంత తరచుగా చేతితో చేయలేక అందరూ దాన్ని యంత్రానికి అప్పగించారు. 2029 నాటికి ఈ గడువును అందరికీ 47 రోజులకు కుదించాలని 2025లో నిర్ణయమైంది. ఏడాదికోసారి వచ్చే పనిని మనిషి వాయిదా వేస్తాడు, తరచుగా వచ్చేదానికి దారి వెతుక్కుంటాడు.

లాకుల_పెద్దాయన | ఏప్రిల్ 28, రాత్రి 9:00

అమ్మాయి గారు చెప్పిన వంతులవారీ మంచిదే. పగలు చక్కగా సాగుతుంది. రాత్రి ఎగువ రైతు తూము ఎత్తేస్తాడు. తన వంతు కాని రోజున ఆగడం ఎవరికీ ఇష్టం ఉండదు. దానికి గస్తీ తిరగాలి, మళ్లీ మనిషి కావాలి. మీ దగ్గర ఎగువ రైతు ఎవరో నాకు తెలియదు.

లంకవాసి | ఏప్రిల్ 28, రాత్రి 9:40

మా దగ్గర ఎగువ రైతు అంటే అమ్మకాల విభాగం. "మరమ్మతు వారం సరే, ఈ ఒక్క కస్టమర్ కోరిక మాత్రం ఇప్పుడే చేసేయండి" అని రాత్రి పదకొండుకు తూము ఎత్తేది వాళ్లే. ఎత్తవద్దన్నవాడు చెడ్డవాడు.

వశిష్ఠ గారి పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. శివారు ఊళ్ల సంగతీ నిజమే, మాది కాలువ మొదట్లో ఉన్న ఊరే. అయినా ఒకటి అడుగుతాను. వంతుల్లో ఒక్కో ముక్కే ఆగుతుంది. ముక్కకూ ముక్కకూ మధ్య ఏముందో ఎవరు చూస్తారు? పెద్దాయన చెప్పిన ఆ గట్టు నడక మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. నైట్ కాపిటల్‌లో విడిగా చూస్తే కొత్త కోడ్ బాగానే ఉంది, కొంప ముంచింది పాతదానికీ కొత్తదానికీ మధ్య ఉన్న ఆ గుర్తే.

ఈ రోజు మా మేనేజర్‌తో మాట్లాడాను. నెల కుదరదన్నారు, రెండు వారాలు చూద్దామన్నారు. కానీ ఒక ప్రశ్న వేశారు, దానికి నా దగ్గర సమాధానం లేదు. "రెండు వారాల తర్వాత ఏమి చేశామని పైవాళ్లకు చూపించాలి? తెర మీద ఏదీ మారదు కదా." తీసేసిన కోడ్‌ను ఎలా చూపిస్తాం?

లాకుల_పెద్దాయన | ఏప్రిల్ 29, ఉదయం 6:15

ఈ జబ్బు మా శాఖకు పాతది. పూడిక తీసిన పనికి ఎం బుక్ (కొలతల పుస్తకం) రాస్తాం, ఘనపు మీటర్లలో. నీళ్లు వదిలాక తీశారో లేదో ఎవరూ దిగి కొలవలేరు. అందుకే రాసినదంతా తీసినట్టు కాదు, తీసినదంతా రాసినట్టూ కాదు. దీనికి విరుగుడు ఒకటే. పని మొదలుపెట్టక ముందు లెవెల్స్ (కాలువ అడుగు ఎత్తు కొలతలు) తీయాలి, పని అయ్యాక అదే చోట్ల మళ్లీ తీయాలి, రెండూ పక్కపక్కన పెట్టాలి. తీసేవాడు, కొలిచేవాడు ఒకడే కాకూడదు. మీరు ముందు లెవెల్స్ తీయకుండా పని మొదలుపెట్టారో, ఎంత చేసినా ఎవరూ నమ్మరు.

చెరువుగట్టు | ఏప్రిల్ 29, ఉదయం 6:40

పెద్దాయన గారూ, ఇంత తెలిసినవారు మా వైపు మురుగు కాలువకు లెవెల్స్ తీసి ఉంటే ప్రతి వానకూ నా గట్టు మునిగేది కాదు. యనమదుర్రు డ్రెయిన్‌లో గుర్రపుడెక్క మీద కొంగలు నడుస్తున్నాయి.

లాకుల_పెద్దాయన | ఏప్రిల్ 29, ఉదయం 6:55

డ్రెయిన్లు వేరే డివిజన్ అండి.

చెరువుగట్టు | ఏప్రిల్ 29, ఉదయం 6:58

నీళ్లకు ఆ సంగతి తెలియదండి.

కాకినాడ_ఫైనలియర్ | ఏప్రిల్ 29, ఉదయం 10:20

లంకవాసి అన్నా, కోడ్‌కు "ముందు లెవెల్స్" అంటే ఏమి కొలవాలి? ఎన్ని వరుసలు ఉన్నాయో అదా?

లంకవాసి | ఏప్రిల్ 29, సాయంత్రం 7:15

వరుసలు ఒక్కటే కొలిస్తే మోసం తమ్ముడూ, పది వరుసలను ఒక వరుసలో ఇరికించి తగ్గాయని చూపించవచ్చు. నేను నాలుగు కొలవాలనుకుంటున్నాను. ఏడాదిగా ఒక్కసారి కూడా నడవని భాగాలు ఎన్ని, అది సర్వర్ చిట్టాలు చూస్తే తెలుస్తుంది. ఒక చిన్న మార్పు పెట్టి పరీక్షించి పైకి పంపడానికి పట్టే సమయం ఎంత. రాత్రివేళ మమ్మల్ని లేపిన గంటల్లో నిజమైనవి ఎన్ని, ఉత్తివి ఎన్ని. నాలుగోది కొంచెం వింతగా ఉంటుంది. బృందంలో ఒక్కరికే తెలిసిన విషయాలు ఎన్ని ఉన్నాయో అందరినీ కూర్చోబెట్టి రాయించడం. మా దగ్గర ఒకాయనకు మాత్రమే తెలిసిన లెక్కలు కొన్ని ఉన్నాయి, ఆయన వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. మేనేజర్ చూద్దామన్న ఆ రెండు వారాల్లో నువ్వు వచ్చి ఆయన పక్కన కూర్చుని రాసుకోగలిగితే చెప్పు, మేనేజర్‌ను ఇంటర్న్‌షిప్ అడుగుతాను. కొత్త కోడ్ ఒక్క వరుస కూడా రాయనివ్వను, అందుకు సిద్ధపడి రా.

కొలిచేవాడు వేరే ఉండాలన్నారు కాబట్టి వశిష్ఠ గారూ, మీరు బీమా ప్రాజెక్టులో ఉన్నప్పుడు రాసుకున్న పరీక్షల పద్ధతి గురించి ఇదివరకు ఇక్కడ చెప్పారు. సంస్థ రహస్యాలు వద్దు, ఏ వరుసలో ఏమి చూడాలో ఆ జాబితా ఒక్కటి ఇవ్వగలరా?

వశిష్ఠ_ఒడ్డు | ఏప్రిల్ 29, రాత్రి 8:05

ఇస్తాను. ఆదివారం లోపు శుభ్రంగా రాసి ఇక్కడే పెడతాను. మొదటి సగం పాలసీ రద్దు, వాయిదా కట్టకపోవడం, నామినీ చనిపోవడం లాంటివి. అవి నేను స్వయంగా చూసినవి, నమ్మవచ్చు. లీపు సంవత్సరం తేదీల భాగం నా ముందున్నవాళ్లు రాసింది. దాన్ని మీరే మళ్లీ పరీక్షించుకోండి.